దూరపు షోరూమ్‌లో బండి, 4వ పాఠం: అడుగున ఉన్న అంకె

పోయిన పాఠం చివర ఇచ్చిన అభ్యాసం చిన్నదే. మీ ఊరి డీలర్ దగ్గర ఒక కొటేషన్, దూరపు డీలర్ దగ్గర ఒకటి తీసుకుని, అదే బండికి ఎంత తేడా వస్తుందో కట్టమన్నాను. వచ్చిన జవాబుల్లో ఎక్కువ భాగం ఒకే చోట బోల్తా పడ్డాయి. రెండు కాగితాల అడుగున ఉన్న మొత్తాలు తీసుకుని, పెద్దదాంట్లోంచి చిన్నది తీసేసి, "ఇంత మిగిలింది సార్" అని రాశారు. ఒకరైతే ఆ మిగులుతో హెల్మెట్, జాకెట్ కూడా ఎంచేసుకున్నారు. ఈసారి లోన్ల గురించి చెప్పాల్సింది, అది ఆగుతుంది. ముందు ఈ తీసివేత సంగతి తేలాలి.

ఒక లెక్క తీసుకుందాం. ఉండేది అనంతపురం, దూరపు డీలర్ బెంగళూరు, బండి 350 సీసీ లోపుది. అంకెలు తేలిగ్గా ఉండేలా నేను వేసినవి.

అనంతపురం కొటేషన్: ఎక్స్‌షోరూమ్ (లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్ కలపని ధర) 1,60,000, లైఫ్ ట్యాక్స్ (రాష్ట్రానికి ఒకేసారి కట్టే బండి పన్ను) 19,200, ఇన్సూరెన్స్ 13,500, రిజిస్ట్రేషన్, కార్డు వగైరా 1,300, హ్యాండ్లింగ్ 2,500. మొత్తం 1,96,500.

బెంగళూరు కొటేషన్: ఎక్స్‌షోరూమ్ 1,60,000లో డిస్కౌంట్ 6,000 పోగా 1,54,000, ఇన్సూరెన్స్ 14,200, టీఆర్ (తాత్కాలిక రిజిస్ట్రేషన్) ఖర్చులు 2,500. మొత్తం 1,70,700.

తేడా 25,800. చూడగానే ఎవరికైనా ప్రాణం లేచొస్తుంది. కానీ రెండో కాగితంలో లైఫ్ ట్యాక్స్ ఏది? బండి వేరే రాష్ట్రానికి పోతుంది కాబట్టి బెంగళూరు డీలర్ తాత్కాలిక రిజిస్ట్రేషన్ మాత్రమే చేయించి పంపుతాడు. లైఫ్ ట్యాక్స్ మీరు ఇక్కడికొచ్చాక మన ఆర్టీఏ (రవాణా ఆఫీసు)లో కట్టాలి. అతను దాచిందేమీ లేదు, అతని పని అక్కడితో అయిపోయింది. నేను ఇక్కడ 12 శాతం వేశాను. మీరు మీ ఊరి కొటేషన్‌లో ఎంతుంటే అంతే రెండో వైపు కూడా రాసుకోండి. డిస్కౌంట్ పోయాక ధర మీద ట్యాక్స్ తగ్గుతుందని ఆశ పెట్టుకోకండి, పూర్తి ధర మీదే వేసుకోండి.

ఇప్పుడు 1,70,700కి 19,200, ఇక్కడి రిజిస్ట్రేషన్ 1,300 కలపండి. 1,91,200. మిగులు 5,300కి దిగింది.

ఇక రాకపోకలు. బండి చూసి అడ్వాన్స్ ఇవ్వడానికి ఒకసారి బస్సులో వెళ్లి రావడం 900, తెచ్చుకోవడానికి వెళ్లడం 450, తిరిగి రెండొందల పైచిలుకు కిలోమీటర్లకు ఆరు లీటర్ల పెట్రోల్ 620, తిండీ టీలూ 530. మొత్తం 2,500. బెంగళూరు వెళ్లిన రెండు రోజులు, మన ఆర్టీఏ దగ్గర బండి చూపించడానికి ఒక రోజు పని పోతుంది. రోజుకు వెయ్యి చొప్పున 3,000. అంటే 5,500. మిగులు పోయి మన జేబులోంచే 200 ఎదురు పడింది. అనంతపురం డీలర్ దగ్గర ఆ హ్యాండ్లింగ్ 2,500 కొట్టేయించగలిగితే ఎదురు 2,700. హ్యాండ్లింగ్ ప్రభుత్వం వసూలు చేసే ఫీజు కాదు, డీలర్ రాసుకున్నది. గట్టిగా అడిగితే తగ్గుతుంది, అడగనివాళ్లే కడతారు.

కొందరు దీనికి పూర్తిగా ఉల్టా వెళ్లారు. సర్వీస్‌కి ప్రతిసారీ బెంగళూరు పోవాలి కదా అని నాలుగు ట్రిప్పుల ఖర్చు దూరపు డీలర్ ఖాతాలో వేశారు. ఎందుకు పోవాలి? వారంటీ కంపెనీది. మామూలుగా ఫ్రీ సర్వీసులు ఆ కంపెనీ అధీకృత సర్వీస్ సెంటర్ ఎక్కడున్నా చేస్తారు. లేబరే ఫ్రీ, ఆయిల్‌కి, ఫిల్టర్‌కి డబ్బులు ఎక్కడైనా మీవే. ఇక మీ ఊళ్లో ఆ కంపెనీ సర్వీసే లేదంటే, బండి ఎక్కడ కొన్నా ఆ తిప్పలు తప్పవు. అది ఆ బ్రాండ్ ఖర్చు. రెండు వైపులా ఒకేలా ఉన్నదాన్ని కొట్టేయండి, కూడికలు సగం తగ్గుతాయి.

ఇన్సూరెన్స్‌లోనూ కొట్టేయాల్సింది ఉంది. 2018 సెప్టెంబర్ నుంచి కొత్త టూవీలర్‌కి ఐదేళ్ల థర్డ్ పార్టీ బీమా (మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి) తప్పనిసరి. 150 దాటి 350 సీసీ వరకు ఆ ప్రీమియం 7,365. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 8,691. ఇది దేశమంతా ఒకటే. తేడా అంతా ఓన్ డ్యామేజ్‌లో (మన బండికి జరిగే నష్టానికి బీమా), యాడ్‌ఆన్‌లలో (అదనంగా తగిలించేవి) ఉంటుంది. మీకు ఇప్పటికే 15 లక్షల ప్రమాద బీమా ఉంటే దాన్ని మళ్లీ అంటగట్టించుకోకండి. ఓన్ డ్యామేజ్ ప్రీమియం లెక్కలో బెంగళూరు జోన్ ఏ, అనంతపురం జోన్ బీ. పాలసీలో మీ ఊరి రిజిస్ట్రేషనే రాయించండి. డబ్బులో తేడా చిన్నదే, కాగితం మాత్రం నిజం చెప్పాలి.

ఇక నాకు చిరాకు తెప్పించే మాట. "సార్, మా బావమరిది యానాంలో ఉన్నాడు, ఆ అడ్రస్‌తో చేయిస్తే ట్యాక్స్ మిగులుతుంది కదా?" ఈ ప్రశ్న ప్రతి పాఠం తర్వాతా వస్తుంది. కాకినాడ వైపు వాళ్లయితే యానాం రిజిస్ట్రేషన్ ఉన్న పీవై 04 నంబర్లు చూపించి మరీ అడుగుతారు.

చట్టం ఏమంటుందో చూడండి. 1988 మోటారు వాహనాల చట్టం 40వ సెక్షన్ ప్రకారం, మీరు నివసించే చోట గానీ వ్యాపారం చేసే చోట గానీ, బండి మామూలుగా ఎక్కడ ఉంటుందో అక్కడ రిజిస్టర్ చేయించాలి. బావమరిది ఇంట్లో మీ బండి ఉండదు. 47వ సెక్షన్ ప్రకారం వేరే రాష్ట్రపు బండి ఇక్కడ 12 నెలలు దాటి ఉంటే కొత్త నంబరు తీసుకోవాలి. దీన్ని చాలామంది "ఏడాది పాటు ట్యాక్స్ ఫ్రీ" అని చదువుకుంటున్నారు. ఆ సెక్షన్ మాట్లాడేది బండి నంబరు గురించి. ట్యాక్స్ సంగతి చూసేది రాష్ట్రాల ట్యాక్స్ చట్టాలు.

సరే, ఆ దారిలోనే వెళ్లారనుకుందాం. ఏడాది తిరిగాక యానాం ఆర్టీవో దగ్గర ఫారం 28తో ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం), లోన్ ఉంటే బ్యాంకు సమ్మతి కాగితం, తర్వాత ఇక్కడ కొత్త నంబరుకి ఫారం 27, బండి వయసును బట్టి ఇక్కడి లైఫ్ ట్యాక్స్. ఏడాది బండికి తగ్గేది ఏపాటి? అక్కడ కట్టినదాంట్లో మిగతా భాగం వెనక్కి రావాలంటే దానికి వేరే అర్జీ, వేరే తిరుగుడు. మధ్యలో యాక్సిడెంట్ అయితే క్లెయిమ్ పరిశీలనకొచ్చిన మనిషి "మీరు యానాంలో ఎప్పట్నుంచి ఉంటున్నారు?" అని అడుగుతాడు. ఆ జవాబు బావమరిది చెప్పలేడు.

పైగా పక్క రాష్ట్రంలో ట్యాక్స్ తక్కువే ఉంటుందని ఎవరన్నారు? కర్ణాటకలో లక్ష దాటిన టూవీలర్‌కి 18 శాతం, దాని మీద సెస్సు. బెంగళూరు ఫ్రెండ్ అడ్రస్ పెట్టినవాళ్లు ఎక్కువ కట్టడానికి అబద్ధం చెప్పినట్టు. ఈ విషయం మీద ఇక ప్రశ్నలు తీసుకోను.

అసలు బెంగళూరులో 6,000 ఎందుకు తగ్గించాడు? జీఎస్టీ దేశమంతా ఒకటే. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ వరకు 18 శాతం, పైవాటికి 40. పన్నులో తేడా లేనప్పుడు తగ్గింపుకి ఇంకేదో కారణం ఉంటుంది. నెలాఖరు టార్గెట్ అయితే మంచిదే. పోయిన ఏడాది తయారైన బండి షెడ్డులో ఉండిపోయిందైతే మాత్రం, రేపు అమ్మేటప్పుడు ఆ 6,000 ఎదుటివాడు మీ దగ్గర పట్టుకుంటాడు. ఫారం 21లో (డీలర్ ఇచ్చే అమ్మకం సర్టిఫికెట్) తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. అడ్వాన్స్ ఇవ్వకముందే ఛాసిస్ నంబరుతో పాటు అది రాయించుకోండి. "రేపు వాట్సాప్ చేస్తా" అంటే డబ్బు కూడా రేపే.

తెచ్చుకోవడం గురించి అడిగారు. నేనైతే నడుపుకుంటూ వచ్చేస్తాను. రైల్లో వేయాలంటే ట్యాంకు ఖాళీ చేయించాలి, ప్యాకింగ్ చేయించాలి, దిగాక గీతలు లెక్కపెట్టుకోవాలి. కొత్త ఇంజన్‌ని ఒకే వేగంలో గంటలకొద్దీ లాగకుండా, మధ్యమధ్యలో ఆపుకుంటూ రండి. టీఆర్, ఇన్‌వాయిస్, పాలసీ జేబులో ఉండాలి. పాలసీ ఏ రోజు, ఎన్ని గంటలకు మొదలవుతుందో చూసి తాళం తీసుకోండి. ఇక్కడ నంబరు వచ్చాక హెచ్‌ఎస్‌ఆర్‌పీ (హై సెక్యూరిటీ నంబర్) ప్లేట్ ఎవరు బిగిస్తారో అక్కడే తేల్చుకుని రండి, లేకపోతే ఇద్దరు డీలర్లూ ఒకరి మీదొకరు చెప్పుకుంటారు.

అభ్యాసం: మీరు కొనాలనుకున్న బండికే మూడు కొటేషన్లు లెటర్‌హెడ్ మీద తీసుకోండి. ఒకటి మీ ఊరిది, ఒకటి సొంత రాష్ట్రంలోనే దూరపు ఊరిది, ఒకటి పక్క రాష్ట్రానిది. సమానమైన వరుసల మీద గీత కొట్టి, లేని వరుసలు చేర్చి, మీ రోజు సంపాదన వేసి మిగులు కట్టండి. తర్వాత వెనక్కి లెక్కేయండి: దూరపు డీలర్ కనీసం ఎంత డిస్కౌంట్ ఇస్తే వెళ్లడం గిట్టుబాటు అవుతుంది? ఆ ఒక్క అంకె నాకు కావాలి. తయారైన నెల, సంవత్సరం రాయని జవాబులు దిద్దను.