అందరికంటే ముందున్నామని ఇంగ్లిష్‌లో చెప్పాలంటే ఏ మాట వాడాలి?

కాకినాడలో డిగ్రీ పిల్లలకు ఇంటర్వ్యూ ఇంగ్లిష్ నేర్పుతాను. ఏదో ఒక విషయంలో మిగతావాళ్లకంటే ముందున్నామని చెప్పాల్సి వస్తే అందరి నోటా ఒకటే మాట వస్తుంది: అడ్వాంటేజ్. అది కూడా ‘ఐ హ్యావ్ అడ్వాంటేజ్ దేన్ అదర్స్’ అని. మనసులో ‘కంటే’ అనుకుంటాం కాబట్టి నోటికి ‘దేన్’ వచ్చేస్తుంది. ముందు దీన్ని సరిచేసుకోండి: ‘ఐ హ్యావ్ యాన్ అడ్వాంటేజ్ ఓవర్ అదర్స్’. ‘యాన్’ వదలకూడదు, ‘దేన్’ బదులు ‘ఓవర్’ రావాలి.

అది కుదిరాక ఒక ప్రశ్న వేసుకోండి. ఈ ముందంజ నాకు ఎలా వచ్చింది? ఎవరైనా ఇచ్చిందా, కష్టపడి తెచ్చుకుందా, చడీచప్పుడు లేకుండా కొట్టేసిందా? ఇంగ్లిష్‌లో ఒక్కోదానికి ఒక్కో మాట ఉంది. ఒకదాని చోట ఇంకోటి పెడితే మీ గురించి మీరే తప్పుగా చెప్పుకున్నట్టవుతుంది.

మీకు అన్నిటికంటే ఎక్కువగా పనికొచ్చేది ‘హెడ్ స్టార్ట్’. పరుగు పందెంలో చిన్నవాడిని నాలుగడుగులు ముందు నిలబెడతారు చూడండి, అదే హెడ్ స్టార్ట్. పోటీ మొదలవకముందే చేతిలో ఉన్న మేలు అన్నమాట. అమెరికాలో పేదపిల్లలు బడిలో చేరేనాటికి వెనకబడి ఉండకూడదని 1965లో ప్రభుత్వం ఒక పథకం మొదలుపెట్టి, దానికి హెడ్ స్టార్ట్ అనే పేరే పెట్టింది. ఇందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు, గొప్పలు పోయినట్టూ ఉండదు. అందుకే ఇంటర్వ్యూలో నిశ్చింతగా వాడొచ్చు. మా దగ్గర చదివిన ఒక అమ్మాయి బడి నుంచి రాగానే వాళ్లమ్మ కిరాణా కొట్లో పద్దులు రాసేది. బ్యాంకు ఇంటర్వ్యూ కోసం ఆమె చేత చెప్పించిన వాక్యం ఇది: ‘హెల్పింగ్ ఇన్ మై మదర్స్ షాప్ గేవ్ మి ఎ హెడ్ స్టార్ట్ ఇన్ అకౌంటింగ్’. ‘గేవ్ మి’ అన్నారు కాబట్టి ఇచ్చిందెవరో తెలిసింది, ‘ఇన్’ తర్వాత ఏ విషయంలోనో తెలిసింది. మనుషుల మీద అయితే ‘ఆన్’ లేదా ‘ఓవర్’ పెట్టాలి. ఎంత ముందో కూడా చెప్పొచ్చు: ‘దే హ్యాడ్ ఎ టూ-వీక్ హెడ్ స్టార్ట్ ఆన్ అస్’.

ఒక మనిషి చేయి అందించడం వల్ల వచ్చిన మేలైతే ‘లెగ్ అప్’. గుర్రం ఎక్కేవాడి కాలు పట్టుకుని పైకి లేపడం నుంచి వచ్చిన మాట. ఫీజు కట్టిన మేనమామ గురించో, సాయంత్రాలు కూర్చోబెట్టి లెక్కలు చెప్పిన మాస్టారి గురించో ‘హి గేవ్ మి ఎ లెగ్ అప్’ అనండి. అవతలివాళ్లకు మీ కృతజ్ఞత అర్థమవుతుంది.

‘పోల్ పొజిషన్’ కూడా గుర్రప్పందేల్లో పుట్టి కార్ల రేసుల్లోకి వచ్చింది. ఇది ఎవరూ ఇచ్చేది కాదు, అసలు రేసుకు ముందు జరిగే క్వాలిఫయింగ్‌లో గెలుచుకుంటేనే రేసు మొదలయ్యేటప్పుడు అందరికంటే ముందు నిలబడతారు. అలాగని గెలిచినట్టు కాదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ పక్కన జరిగిన ఫార్ములా-ఈ (కరెంటు కార్ల) రేసులో పోల్ పొజిషన్ మిచ్ ఇవాన్స్‌ది. సొంత టీమ్ కారే వచ్చి గుద్దడంతో అతను రేసు పూర్తిచేయలేదు, గెలిచింది జాఁ-ఎరిక్ వెర్న్. కాబట్టి చివరి రౌండుకు చేరి, అందరికంటే ఎక్కువ మార్కులున్నప్పుడు ‘ఐయామ్ ఇన్ పోల్ పొజిషన్’ అనొచ్చు. ఉద్యోగం వచ్చేసిందన్న అర్థంలో అనకూడదు. ‘ఇన్’ తర్వాత ‘ఎ’ గానీ ‘ది’ గానీ వద్దు.

‘ఇన్‌సైడ్ ట్రాక్’ దగ్గర మాత్రం చాలా జాగ్రత్తగా ఉండాలి. గుండ్రటి ట్రాక్‌లో లోపలివైపు పరిగెత్తేవాడికి దూరం తక్కువ. 400 మీటర్ల పరుగులో ఎనిమిదో లేన్ వాళ్లను 53 మీటర్లు ముందు నిలబెట్టేది అందుకే. అది హెడ్ స్టార్ట్ కాదు, దూరం సమానం చేయడం. ఈ మాటకు ఇప్పుడు లోపలివాళ్లు తెలుసు, లోపలి సంగతులు తెలుసు అనే అర్థం కూడా కలిసింది. ఇంటర్వ్యూలో ‘ఐ హ్యావ్ ది ఇన్‌సైడ్ ట్రాక్’ అన్నారంటే రికమండేషన్ ఉందని చెప్పినట్టే వినిపిస్తుంది. దయచేసి అనకండి.

‘స్టీల్ ఎ మార్చ్ ఆన్’ సైన్యం మాట. శత్రువుకు తెలియకుండా దళాన్ని నడిపించి ముందే చేరడం. కంపెనీల మధ్య పోటీ గురించి చెప్పేటప్పుడు బాగుంటుంది, మీ టీమ్‌లోని తోటివాళ్ల గురించి వాడితే మీరు దొంగచాటు మనిషిలా కనిపిస్తారు. ‘గెట్ ది జంప్ ఆన్’ అంటే ఇతరులకంటే ముందే మొదలుపెట్టి మేలు పొందడం. ఇది కాస్త తేలిక, కబుర్లలో సరిపోతుంది. అయితే దీన్ని ‘జంప్ ది గన్’తో కలిపేసేవాళ్లు చాలామంది. అది మేలు కాదు, తొందరపాటు. 2011లో దక్షిణ కొరియాలోని దేగులో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్ 100 మీటర్ల ఫైనల్లో ఉసేన్ బోల్ట్ తుపాకీ మోగకముందే కదిలాడు. ఒక్క తప్పుకే పంపేసే నియమం ఉండటంతో పరిగెత్తకుండానే బయటికి వెళ్లాడు.

గ్రూప్ డిస్కషన్‌లో వ్యాపారం టాపిక్ వస్తే ‘ఫస్ట్-మూవర్ అడ్వాంటేజ్’ (మార్కెట్లోకి ముందు దిగినవాళ్లకు దొరికే మేలు) వాడండి, కానీ దాన్ని ప్రశ్నించడానికి కూడా సిద్ధంగా ఉండండి. సోషల్ మీడియా సైట్లలో మన దేశంలో ముందు పాకింది ఆర్కుట్. ఫేస్‌బుక్ తర్వాత వచ్చి దాన్ని దాటేసింది, 2014 సెప్టెంబర్ 30న ఆర్కుట్ మూతపడింది. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని మనకు ఉండనే ఉంది. ఆ ఉదాహరణను ఇంగ్లిష్‌లో రెండు వాక్యాల్లో చెప్పగలిగితే చర్చ మీ వైపు తిరుగుతుంది.

ఇక ‘అప్పర్ హ్యాండ్’. ఇది మన పైచేయే, మొదట్లోనే రావాలని లేదు, ఆట మధ్యలో కూడా రావచ్చు. ‘ది’ తప్పనిసరి: ‘గెట్ ది అప్పర్ హ్యాండ్’.

వారంలో ఇంటర్వ్యూ ఉంటే ఇవన్నీ పెట్టుకోకండి. హెడ్ స్టార్ట్‌తో ఒక వాక్యం, లెగ్ అప్‌తో ఒక వాక్యం మీ సొంత జీవితం నుంచి రాయండి. ఎవరు ఇచ్చారు, ఏ విషయంలో, ఎలా అన్నవి అందులో ఉండాలి. రాశాక పైకి చదివి ఫోన్‌లో రికార్డ్ చేసుకుని వినండి. ‘ఎ’లు, ‘ఆన్’లు మింగేస్తున్న చోటు అప్పుడు చెవికి దొరుకుతుంది.