దుకాణం మూసి మళ్లీ ఉద్యోగానికి: జీఎస్టీ రద్దు, పాత పీఎఫ్ బదిలీ దరఖాస్తు విధానం

భీమవరంలో రొయ్యల చెరువులకు ఏరియేటర్లు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు), మోటార్లు అమ్మే షాపు పెట్టి, రొయ్య రేటు పడ్డాక అరువులు వసూలు కాక, మళ్లీ ప్రాసెసింగ్ ప్లాంటులో సూపర్‌వైజరుగా చేరేవాళ్లు ఉంటారు. అమలాపురంలో ఫ్లెక్సీ ప్రింటింగ్ నడిపి, ఇక చాలనుకుని హైదరాబాద్‌లో డిజైనరు ఉద్యోగానికి వెళ్లేవాళ్లూ ఉంటారు. ఆఫర్ లెటర్ చేతికి వచ్చిన దగ్గర నుంచి వీళ్ల టెన్షన్ అంతా కొత్త కంపెనీ అడిగే కాగితాల గురించే. కానీ షటర్ దించినంత మాత్రాన ప్రభుత్వ లెక్కలో వ్యాపారం మూతపడదు. జీఎస్టీ నంబరు అలాగే ఉంటుంది, దాని మీద రిటర్నులు బాకీ పడుతూనే ఉంటాయి. ఇంకోవైపు, వ్యాపారానికి ముందు చేసిన ఉద్యోగం తాలూకు పీఎఫ్ పాత ఖాతాలోనే పడి ఉంటుంది. ముందు జీఎస్టీ సంగతి చూద్దాం. ఆలస్యం చేస్తే చేతి డబ్బు పోయేది అక్కడే.

అసలు రద్దు చేసుకోవాలా?

ఉద్యోగం చేసేవాళ్లకు జీఎస్టీ నంబరు ఉండకూడదని చట్టంలో లేదు. సాయంత్రాలు చిన్నాచితకా పని కొనసాగించే ఉద్దేశం ఉంటే తొందరపడక్కర్లేదు. అయితే అపాయింట్‌మెంట్ లెటర్ ఒకసారి పూర్తిగా చదవండి. వేరే వ్యాపారం చేయరాదనే షరతు చాలా కంపెనీలు పెడతాయి. ప్రభుత్వ ఉద్యోగమైతే ప్రవర్తనా నియమావళే అడ్డొస్తుంది.

షాపు మూయకుండా భార్య పేరునో తమ్ముడి పేరునో నడిపిద్దామనుకుంటే దారి వేరు. వాళ్లు ముందు సొంతంగా జీఎస్టీ నంబరు తీసుకోవాలి. మీ ఖాతాలో మిగిలిన ఇన్‌పుట్ క్రెడిట్‌ను (సరుకు కొన్నప్పుడు కట్టిన పన్ను తాలూకు జమ) ఐటీసీ-02 ఫారంతో వాళ్ల నంబరుకు బదిలీ చేయాలి. ఆ తర్వాతే, వ్యాపారం బదిలీ అయిందనే కారణం చూపించి మీ నంబరు రద్దుకు పెట్టుకోవాలి. పేరు మార్చకుండా మీ నంబరు మీదే ఇంట్లోవాళ్లు బిల్లులు కొట్టడం మన దగ్గర మామూలే. కానీ రేపు నోటీసు వస్తే జవాబు చెప్పాల్సింది మీరే.

ఇంకో మాట. చేపల, రొయ్యల మేతకు జీఎస్టీ మినహాయింపు ఉంది. కేవలం మేత మాత్రమే అమ్మినవాళ్లకు రిజిస్ట్రేషనే అవసరం లేదు. ఏరియేటర్లు, మోటార్లు, విడిభాగాలు కలిపి అమ్మినవాళ్లకే ఈ తిప్పలన్నీ.

రద్దు దరఖాస్తు

వ్యాపారం ఆపిన 30 రోజుల్లోపు ఆర్‌ఈజీ-16 ఫారంలో దరఖాస్తు చేయాలి. దానికి ముందు ఒకటి చూసుకోండి: జీఎస్టీ పోర్టల్లో నమోదైన మొబైల్ నంబరు ఎవరిది? రిజిస్ట్రేషన్ చేయించిన రోజు ఆడిటర్ గారి గుమస్తా తన నంబరు ఇచ్చి ఉంటే ఓటీపీలన్నీ అతనికే వెళ్తాయి. అతను ఊళ్లో లేకపోతే మీ పని ఆగిపోతుంది. లాగిన్ అయి నాన్-కోర్ (ఫోన్, ఈమెయిల్ లాంటి చిన్న వివరాల) సవరణ కింద మీ నంబరు, మీ ఈమెయిల్ పెట్టుకోండి. రద్దయ్యాక వచ్చే నోటీసులూ వాటికే వస్తాయి కాబట్టి ఈ పని వాయిదా వేయకండి.

తర్వాత సర్వీసెస్, రిజిస్ట్రేషన్ మెనూల్లో రిజిస్ట్రేషన్ క్యాన్సలేషన్ దరఖాస్తు ఉంటుంది. మొదటి పేజీలో మీ వివరాలు ముందే నింపి కనిపిస్తాయి. ఇకపై ఉత్తరాలు ఏ చిరునామాకు పంపాలో మాత్రం మీరు ఇవ్వాలి. షాపు అద్దె గది చిరునామా ఇవ్వకండి, ఇంటిది ఇవ్వండి. రెండో పేజీలో కారణం, ఏ తేదీ నుంచి రద్దు కావాలో, చేతిలో ఉన్న సరుకు విలువ, దాని మీద కట్టాల్సిన పన్ను అడుగుతారు. ఆ తేదీ తర్వాత మీ నంబరు మీద ఒక్క అమ్మకం బిల్లు కూడా ఉండకూడదు. చివరి పేజీలో ఓటీపీతో సంతకం చేస్తే ఏఆర్‌ఎన్ అనే దరఖాస్తు నంబరు వస్తుంది.

దరఖాస్తు పెట్టిన రోజు, లేదా మీరు రద్దు కోరిన తేదీ, ఏది తర్వాతైతే అప్పటి నుంచి రిజిస్ట్రేషన్ సస్పెన్షన్‌లోకి వెళ్తుంది. ఆ కాలానికి రిటర్నులు వేయక్కర్లేదు, పన్ను వసూలు చేసి బిల్లు ఇవ్వకూడదు. సస్పెన్షన్‌కు ముందు కాలం రిటర్నులు మాత్రం వేసి తీరాలి. అధికారి ఏదైనా వివరణ అడిగితే పోర్టల్లోనే జవాబివ్వాలి. అంతా సరిగ్గా ఉంటే 30 రోజుల్లో ఆర్‌ఈజీ-19 ఉత్తర్వు రావాలి. రాకపోతే మీ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ మీద ఉన్న ఆఫీసుకు, అది రాష్ట్రానిదా కేంద్రానిదా చూసుకుని, ఏఆర్‌ఎన్ కాగితంతో వెళ్లి అడగండి.

చాలామంది చేసేది ఇంకోటుంది. అమ్మకాలే లేవు కదా, రిటర్నులు ఆపేస్తే వాళ్లే రద్దు చేస్తారులే అని ఊరుకోవడం. నిజమే, వరసగా 6 నెలలు రిటర్న్ వేయకపోతే అధికారి తనంతట తానే రద్దు చేయొచ్చు. కానీ ఈలోపు మామూలుగా వేసే జీఎస్‌టీఆర్-3బి రిటర్నుకు అమ్మకం లేకపోయినా రోజుకు 20 రూపాయల చొప్పున, ఒక్కో రిటర్నుకు 500 రూపాయల దాకా ఆలస్య రుసుము పడుతుంది. అధికారి రద్దు చేసినా తుది రిటర్న్ బాధ్యత మీ మీదే ఉంటుంది. దీనికన్నా ఒక పూట కూర్చుని దరఖాస్తు పెట్టడం నయం.

అందరూ మర్చిపోయే తుది రిటర్న్

రద్దు ఉత్తర్వు వచ్చింది, పని అయిపోయిందని మామూలుగా అందరూ అనుకుంటారు. అవలేదు. జీఎస్‌టీఆర్-10 అనే తుది రిటర్న్ మిగిలే ఉంటుంది. రద్దు అమల్లోకి వచ్చిన తేదీ, ఉత్తర్వు తేదీ, ఈ రెండింటిలో ఏది తర్వాతైతే దాని నుంచి 3 నెలల్లోపు అది వేయాలి. వేయకపోతే రోజుకు 200 రూపాయలు, గరిష్ఠంగా 10,000 దాకా రుసుము. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఊరు మారి, గది వెతుక్కునే హడావుడిలో ఈ 3 నెలలు ఇట్టే గడిచిపోతాయి. కాంపొజిషన్ స్కీములో (చిన్న వ్యాపారులు అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను కట్టే పద్ధతి) ఉన్నవాళ్లకు మాత్రం ఈ రిటర్న్ లేదు. వాళ్లు జీఎస్‌టీఆర్-4 వేస్తే చాలు.

జీఎస్‌టీఆర్-10లో అడిగేది ముఖ్యంగా ఒక్కటే. కొన్నప్పుడు కట్టిన పన్నును క్రెడిట్‌గా వాడుకున్నారు. ఆ సరుకు ఇంకా మీ దగ్గరే ఉంటే, ఆ క్రెడిట్ వెనక్కి కట్టండి అని. అమ్ముడుపోని ఏరియేటర్ల మీద తీసుకున్న క్రెడిట్, లేదా ఇప్పుడు వాటిని అమ్మితే పడే పన్ను, ఏది ఎక్కువైతే అది కట్టాలి. కొన్న బిల్లులు దొరక్కపోతే మార్కెట్ ధర ప్రకారం లెక్క వేసి చార్టర్డ్ అకౌంటెంట్ సర్టిఫికెట్ జత చేయాలి. గోడౌనులోకి వరద నీళ్లొచ్చి బిల్లు పుస్తకాలు పాడైపోవడం గోదావరి లంక ఊళ్లవాళ్లకు కొత్త కాదు. అలాంటివాళ్లు ఆ సర్టిఫికెట్ సంగతి ముందే మాట్లాడుకోండి.

యంత్రాలకు లెక్క వేరు. వాటి జీవితం 5 ఏళ్లు, అంటే 60 నెలలుగా తీసుకుంటారు. ఫ్లెక్సీ మెషీన్ కొన్నప్పుడు 54,000 రూపాయల క్రెడిట్ వాడుకున్నారనుకుందాం. సరిగ్గా 40 నెలలు నడిచాక రద్దు చేస్తే మిగిలినవి 20 నెలలు. 54,000ను 60తో భాగించి 20తో గుణిస్తే 18,000. ఇప్పటి విలువ మీద పడే పన్ను ఇంతకన్నా తక్కువైతే ఈ 18,000 కట్టాలి. మూసేలోపే సరుకు అమ్ముకోగలిగితే ఈ లెక్క చాలావరకు తేలికవుతుంది. అందుకే రద్దు తేదీ ఎంచుకునే ముందు గోడౌన్ ఒకసారి కలియజూడండి.

కట్టాల్సింది పోర్టల్లోని క్రెడిట్ లెడ్జర్ (మిగిలిన క్రెడిట్ ఖాతా) నుంచీ క్యాష్ లెడ్జర్ (మీరు జమచేసిన డబ్బు ఖాతా) నుంచీ కట్టొచ్చు. అన్నీ పోగా క్యాష్ లెడ్జర్లో మిగిలిన డబ్బు ఆర్‌ఎఫ్‌డీ-01 దరఖాస్తుతో వెనక్కి వస్తుంది. క్రెడిట్ లెడ్జర్లో మిగిలింది సాధారణంగా ఇవ్వరు. లెక్కల పుస్తకాలు, బిల్లులు మాత్రం వార్షిక రిటర్న్ గడువు నుంచి 72 నెలలు దాచాలి. పాత కాగితాలవాడికి వేయకండి.

ఉద్యమ్ (చిన్న పరిశ్రమల నమోదు) రిజిస్ట్రేషన్ ఉంటే దాని పోర్టల్లోనే రద్దు చేసుకోవచ్చు. పంచాయతీ లేదా మున్సిపల్ ట్రేడ్ లైసెన్సు, వృత్తి పన్ను నమోదు లాంటివి ఉంటే ఆయా ఆఫీసులకు మూసేసినట్టు రాసిచ్చి నకలు మీద స్టాంపు వేయించుకోండి.

ఇక పీఎఫ్

వ్యాపారంలోకి దిగే ముందు ఎక్కడైనా ఉద్యోగం చేసి పీఎఫ్ కట్టి ఉంటే మీకు యూఏఎన్ ఉండే ఉంటుంది. 2014 నుంచి ప్రతి చందాదారుడికీ ఇచ్చిన 12 అంకెల నంబరు అది. జీవితానికి ఒక్కటే. మర్చిపోతే పీఎఫ్ సంస్థ ఈపీఎఫ్‌ఓ మెంబర్ పోర్టల్లో 'నో యువర్ యూఏఎన్' దగ్గర ఆధార్, పుట్టిన తేదీ ఇచ్చి తెలుసుకోవచ్చు. యాక్టివేట్ కాకపోతే ప్రభుత్వ ఉమంగ్ యాప్‌లో ముఖం చూపించి చేసుకోవచ్చు. 2014కి ముందే ఉద్యోగం మానేసినవాళ్లు పాత జీతం చీటీ మీద ఉన్న పీఎఫ్ నంబరు పట్టుకోవాలి.

కొత్త కంపెనీలో చేరిన రోజు ఫారం-11 డిక్లరేషన్ నింపమంటారు. అందులో గతంలో పీఎఫ్ సభ్యులేనా, పెన్షన్ పథకంలో ఉన్నారా అని రెండు ప్రశ్నలుంటాయి. పాత గొడవ ఎందుకులే అని రెండింటికీ లేదని రాసేస్తే కొత్త యూఏఎన్ పుట్టే ప్రమాదం ఉంది. తర్వాత రెండూ కలుపుకోవడానికి తిరగాల్సింది మీరే. పాత యూఏఎన్, పాత సంస్థ వదిలిన తేదీ అందులో రాయండి.

ఆ వదిలిన తేదీ పాత యజమాని ఎక్కించకపోతే బదిలీ ఆగిపోతుంది. చివరి చందా పడి 2 నెలలు దాటితే మీరే పోర్టల్లో మేనేజ్ మెనూలో 'మార్క్ ఎగ్జిట్' ద్వారా వేసుకోవచ్చు. చివరి చందా పడిన నెలలోని తేదీయే ఇవ్వాలి.

పేర్ల చిక్కు ఎక్కువగా వచ్చేది ఇక్కడే. అన్నవరం సత్యదేవుడి పేరు పెట్టుకున్నవాళ్లు మన రెండు గోదావరుల్లోనూ ప్రతి వీధిలో ఉంటారు. ఆధార్‌లో ఇంటిపేరుతో సహా వీర వెంకట సత్యనారాయణ అని పూర్తిగా ఉంటుంది. పాత కంపెనీ గుమాస్తా గడిలో పట్టక వి.వి.సత్యనారాయణ అని పొట్టి చేసి ఎక్కించి ఉంటాడు. పుట్టిన తేదీ కూడా పదో తరగతి సర్టిఫికెట్లో ఒకటి, ఆధార్‌లో ఒకటి. ఏ ఒక్కటి కలవకపోయినా కేవైసీ కుదరదు. మీ యూఏఎన్ 2017 అక్టోబరు 1 తర్వాత ఆధార్ ఆధారంగా వచ్చిందైతే పేరు, పుట్టిన తేదీ, తండ్రి పేరు లాంటివి మీరే ఆన్‌లైన్లో సరిచేసుకోవచ్చు. అంతకు ముందుదైతే జాయింట్ డిక్లరేషన్ (మీరూ యజమానీ కలిసి ఇచ్చే ప్రకటన) పెట్టి యజమాని ఆమోదం తీసుకోవాలి. ఇది ఉద్యోగంలో చేరకముందే మొదలుపెట్టండి.

అన్నీ కలిశాక, కొత్త కంపెనీ మొదటి నెల చందా కట్టిన తర్వాత పాత డబ్బు చాలామందికి దానంతట అదే బదిలీ అవుతుంది. కాకపోతే ఆన్‌లైన్ సర్వీసెస్‌లో 'వన్ మెంబర్ వన్ ఈపీఎఫ్ అకౌంట్' తెరిచి, పాత ఖాతా ఎంచుకుని, ఓటీపీ కొట్టి బదిలీ కోరాలి. దీన్నే ఫారం-13 అంటారు. 2025 జనవరి నుంచి ఆధార్‌తో కలిసిన ఖాతాల్లో చాలావాటికి యజమాని సంతకం అవసరం లేకుండానే ఇది జరిగిపోతోంది.

వ్యాపారం అప్పు తీర్చడానికి పాత పీఎఫ్ లాగేద్దామనిపిస్తుంది. నా ఉద్దేశంలో అది ఆఖరి దారి. జీతం 15,000 అనుకుంటే యజమాని కట్టే 12 శాతంలో 1,250 రూపాయలు పెన్షన్‌కు, 550 పీఎఫ్‌కు వెళ్తాయి. పెన్షన్ హక్కు రావాలంటే మొత్తం 10 ఏళ్ల సర్వీసు ఉండాలి. మధ్యలో వ్యాపారం చేసిన ఏళ్లు లెక్కలోకి రాకపోయినా, పాత 6 ఏళ్లు, కొత్త 4 ఏళ్లు కలిపితే 10 అవుతుంది. పెన్షన్ భాగం తీసేసుకుంటే పాత 6 ఏళ్లూ పోయినట్టే. బదిలీ చేసుకుంటే, పీఎఫ్ తీసినప్పుడు పన్ను పడుతుందో లేదో తేల్చే 5 ఏళ్ల సర్వీసు లెక్కలోనూ పాత సర్వీసు కలుస్తుంది.

జీతం 21,000 లోపు ఉంటే ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) కూడా వర్తిస్తుంది. పాత ఇన్సూరెన్స్ నంబరు ఉంటే అదే ఇవ్వండి, కొత్తది తీయించకండి. వ్యాపారం మానేసిన ఏడాది ఆదాయపు పన్ను రిటర్న్ మామూలుగా జీతగాళ్లు వేసే ఐటీఆర్-1లో వేయడం కుదరదు. వ్యాపార లాభం కూడా చూపించే ఫారం కావాలి. ఆ ఏడాది వ్యాపారంలో నష్టమొచ్చినా జీతంలోంచి తగ్గించుకోనివ్వరు.

మన గోదావరి జిల్లాలకు పీఎఫ్ ప్రాంతీయ కార్యాలయం రాజమహేంద్రవరంలో ఉంది. ప్రతి చిన్న పనికీ అక్కడిదాకా వెళ్లనక్కర్లేదు. 'నిధి ఆప్కే నికట్' పేరుతో ప్రతి నెలా 27న, ఆ రోజు సెలవైతే తర్వాతి పనిదినం, జిల్లాల్లో శిబిరం పెడతారు. చోటు ఎక్కడో ముందే 14470కి ఫోన్ చేసి కనుక్కోండి. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, పాన్, పాత జీతం చీటీ, పదో తరగతి మార్కుల జాబితా, వీటన్నిటి జిరాక్సులతో పాటు ఆధార్‌కు లింకైన ఫోన్ తప్పకుండా పట్టుకెళ్లండి. ఓటీపీ వచ్చేది దానికే.