తెలుగులో అర్జీ పెట్టి, తెలుగులోనే జవాబు తెప్పించుకోవడం ఎలా?

టెక్కలిలో ఇరవై ఏళ్లుగా అర్జీలు రాస్తున్నాను. మొన్న ఒక ముసలమ్మ పసుపు మరకలున్న కాగితం తెచ్చి "ఇందులో ఏటుంది బాబూ?" అంది. ఒక ఆఫీసు ఇచ్చిన ఎండార్స్‌మెంటు, అంటే అర్జీకి రాసిచ్చే జవాబు, మొత్తం ఇంగ్లీషు. లింకు డాక్యుమెంటు (భూమి ఎవరి నుంచి ఎలా వచ్చిందో చూపే పాత దస్తావేజు) పదిహేను రోజుల్లో తెమ్మని ఉంది. ఆమె పట్టా వచ్చేసిందనుకుని నెల రోజులు దేవుడి గూట్లో పెట్టుకుంది. నాకు కడుపు తరుక్కుపోయింది.

1966 చట్టంతో తెలుగు మన రాష్ట్ర అధికార భాష అయింది. రాష్ట్రంలో వాడే ఏ భాషలోనైనా అర్జీ పెట్టుకోవచ్చని రాజ్యాంగం 350వ అధికరణం చెబుతోంది. "ఇంగ్లీషులో రాసుకురా" అని ఎవరైనా అంటే ఈ రెండూ మర్యాదగా గుర్తుచేయండి.

రాసేటప్పుడు "తమ దివ్య సముఖమునకు" లాంటివి వద్దు. వాడుక తెలుగు కోసం జీవితాంతం పోరాడిన గిడుగు రామమూర్తి గారు పుట్టింది మన శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలోనే. మొదటి వాక్యంలోనే పని చెప్పేయండి: "మా నాన్న పేరున ఉన్న 40 సెంట్ల మెట్ట భూమి నా పేరుకు మార్చాలి." కింద ఊరు, సర్వే నంబరు, ఖాతా నంబరు. మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు), అడంగల్ (సాగు వివరాల రికార్డు), వన్‌బీ (రైతు ఖాతా రికార్డు) అనే మాటలు అలాగే ఉంచండి, గుమస్తా వెతికేది ఆ పేర్లతోనే. సంతకానికి పైన విడిగా ఒక లైను: "జవాబు తెలుగులో ఇప్పించగలరు." ఇది మాత్రం మరిచిపోవద్దు.

రాశాక అర్జీదారుకి చదివి వినిపించండి. మెళియాపుట్టి కొండల నుంచి వచ్చే సవర గిరిజనులకైతే రెండుసార్లు, వాళ్ల భాష తెలిసినవాళ్లను పక్కన పెట్టుకుని. గిడుగు వారు సవర భాష నేర్చుకుని వాళ్ల పిల్లలకు బళ్లు పెట్టారు. మనం ఆ మాత్రం ఆగలేమా?

రసీదు నంబరు తీసుకోండి, జిరాక్సు దాచండి. అర్జీ ఎక్కడ ఆగిందో చెప్పకపోతే సమాచార హక్కు దరఖాస్తు వేయండి. అదీ తెలుగులో వేయొచ్చు, జవాబుకు గడువు 30 రోజులు.

ముసలమ్మకు అర్జీ మళ్లీ రాశాం, ఆ లైనుతో సహా. ఈసారి తెలుగులో నాలుగు లైన్లు వచ్చాయి. మూడో తరగతి చదివే మనవరాలు చదివి చెప్పిందట. మర్నాడే ఆమె లింకు డాక్యుమెంటు పట్టుకుని ఆఫీసుకు వెళ్లింది.