కోరల్‌కూ క్వారంటైన్ కావాలి, అదీ చేప లేని ట్యాంకులో

ఉప్పునీటి అక్వేరియంలోకి వేసే ముందు కొత్త చేపను క్వారంటైన్‌లో పెట్టేవాళ్లు కూడా కోరల్‌నో (పగడాన్నో) నత్తనో తెస్తే డిప్‌లో, అంటే పురుగులు పోవడానికి వాడే మందు నీళ్లలో, ఓసారి ముంచి నేరుగా మెయిన్ ట్యాంకులోకి దించేస్తుంటారు. తెల్లమచ్చల జబ్బు తెచ్చే క్రిప్టోకారియాన్‌కి ఆ దారి చాలు.

ఈ పరాన్నజీవి కోరల్‌ను ఏమీ చేయదు. చేప ఒంటిమీంచి రాలాక గట్టిగా ఉన్నదేది దొరికినా అంటుకుని చుట్టూ పొర కట్టుకుంటుంది. కోరల్ ముక్కను అంటించే చిన్న దిమ్మ (ఫ్రాగ్ ప్లగ్) అడుగైనా, నత్త గుల్లైనా, హెర్మిట్ పీత మోసుకు తిరిగే గుల్లైనా దానికి ఒకటే. డిప్‌లు ఆ పొరను దాటవు. అవి పనికొచ్చేది ఫ్లాట్‌వార్మ్‌ల (కోరల్‌ను పట్టే చదును పురుగుల) మీద, అక్కడా గుడ్లు మిగిలిపోతాయి.

అందుకే మందు కన్నా ఆకలితో చంపడమే నయం. పొర పగిలి బయటికొచ్చిన పిల్లలకు చేప దొరక్కపోతే ఒకటి రెండు రోజుల్లో చస్తాయి. కాకపోతే అన్నీ ఒకేసారి పగలవు. కాబట్టి కొత్త కోరల్‌నూ నత్తనూ చేప లేని ట్యాంకులో ఉంచడానికి చాలామంది పాటించే గడువు 76 రోజులు. మధ్యలో ఇంకో నత్తను వేస్తే లెక్క మళ్లీ ఒకటి నుంచే.

చిన్న ట్యాంకు చాలు గానీ కోరల్‌కి సరిపడా లైటు, నీటి ప్రవాహం ఉండాలి. కాపర్ మందు చుక్క కూడా వద్దు, నత్తలూ రొయ్యలూ బతకవు. కోరల్‌ను ప్లగ్ నుంచి ఊడదీసి కొత్తదానికి అంటిస్తే ఇంకా మంచిది. వల, పట్టకారు, సైఫన్ గొట్టం వేరేవి పెట్టుకోండి. తడి చేతులు ఈ ట్యాంకులోంచి తీసి మెయిన్ ట్యాంకులో పెట్టకండి.