క్లినికల్ ట్రయల్ సమ్మతి పత్రంపై సంతకం చేసే ముందు

ఔషధ ప్రయోగంలో చేరమని అడిగినప్పుడు, సమ్మతి పత్రాన్ని ఇంటికి తెచ్చుకొని తొందరపడకుండా చదవండి. తెలుగు ప్రతి ఇవ్వకపోతే అడిగి తీసుకోండి.

ఇది చికిత్సా, పరిశోధనా అన్నది స్పష్టంగా రాశారో లేదో మొదట చూడండి. అమెరికాలోని టస్కిగీలో 1932 నుంచి 1972 వరకు సాగిన పరిశోధనలో, సిఫిలిస్ అనే సుఖవ్యాధి ఉన్న నల్లజాతి పురుషులకు ‘చెడు రక్తం’ అని మాత్రమే చెప్పి, వెన్నులోంచి నీరు తీసే పరీక్షనే ప్రత్యేక ఉచిత చికిత్సగా నమ్మించారు. ఆ జబ్బును నయం చేసే పెన్సిలిన్ అందుబాటులోకి వచ్చాక కూడా వారికి ఇవ్వలేదు. ఉచితం అన్న మాట కనబడితే మరింత నిదానించండి.

తరువాత సంతకం ఎవరిదో చూడండి. 2009లో ఖమ్మం జిల్లాలో బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకా వేసిన అధ్యయనంలో, తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకం చేసిన పత్రాలు అనేకం బయటపడ్డాయి. టీకా అనుమతి పొందినదే. అయినా కన్నవారిని అడగకపోవడం అన్యాయం, దానికి ఏ సాకూ చెల్లదు. మీ బిడ్డ హాస్టల్లో ఉంటే, మా సంతకం లేకుండా ఏ పరిశోధనలోనూ చేర్చవద్దని ముందే రాసి ఇవ్వండి.

నష్టపరిహారం, ఎప్పుడైనా తప్పుకునే హక్కు, పాల్గొనేవారి హక్కులను కాపాడే ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబరు లేని పత్రంపై సంతకం చేయకండి.