సీఎఫ్‌ఓ (ఫ్యాక్టరీ నడిపేందుకు కాలుష్య నియంత్రణ బోర్డు ఇచ్చే అనుమతి) గడువు దగ్గర పడుతోందా? రెన్యువల్‌కు ముందు ఇవి చూసుకోండి

చివరి నెల దాకా ఆగకండి. 1981 వాయు చట్టం 21వ సెక్షన్ ప్రకారం దరఖాస్తుపై నిర్ణయానికి బోర్డుకు 4 నెలల వ్యవధి ఉంది. అనుమతి లేకుండా ప్లాంటు నడిపితే వ్యవహారం మూసివేత ఉత్తర్వు దాకా వెళ్తుంది.

పాత అనుమతి ఆర్డర్‌లోని ఉత్పత్తి టన్నులు, ఇప్పుడు తీస్తున్న టన్నులు పక్కపక్కన పెట్టి చూడండి. పెరిగితే రెన్యువల్ ఒక్కటే చాలదు, విస్తరణకు ముందు సీఎఫ్‌ఈ (ప్లాంటు పెట్టేందుకు, పెంచేందుకు బోర్డు ఇచ్చే అనుమతి) కావాలి.

బాయిలర్‌లో ఊక మానేసి బొగ్గు వేస్తున్నారా? సల్ఫర్ డయాక్సైడ్ పెరుగుతుంది, చిమ్నీ ఎత్తు లెక్కా మారుతుంది.

చిమ్నీ దగ్గర పొగ శాంపిల్ తీసే రంధ్రం, అంటే పోర్ట్‌హోల్‌ను ముందే తెరిపించి చూడండి. బోల్టులు తుప్పుపట్టి బిగుసుకుపోతే శాంపిల్ తీసే రోజు పరీక్షే జరగదు. నిచ్చెన, రెయిలింగ్ కదులుతుంటే మాత్రం ఎవరినీ ఎక్కించకండి, ముందు బాగుచేయించండి. ఎక్కేవాళ్ల ప్రాణం ముఖ్యం.

కాలుష్యాన్ని నిరంతరం కొలిచే ఆన్‌లైన్ మీటర్లుంటే, అవి సరిగ్గా కొలుస్తున్నాయని చూపే క్యాలిబ్రేషన్ పత్రాలు చేతికందేలా పెట్టుకోండి.