పాతిన నాణెం, నాలుగో పాఠం: చిలుము మురికి కాదు

పోయిన పాఠంలో, భూమిలో దొరికిన పాత నాణేనికి "ముందు మట్టి వదలాలి" అని ఒక్క ముక్కలో తేల్చేశాను. దేంతో వదిలించాలో, ఎక్కడ ఆపాలో చెప్పలేదు. తప్పు నాదే. ఈ పది రోజుల్లో పర్లాకిమిడి, రాయగడ, బరంపురం నుంచి మీరు పంపిన ఫోటోలు చూస్తుంటే ప్రాణం ఉసూరుమంది. చాలామటుకు నాణేలు పండగకి తోమిన చెంబుల్లా మెరిసిపోతున్నాయి. ఈసారి వెండి రూపాయి గురించి రాద్దామనుకున్నాను. అది ఆగుతుంది, ముందు ఇది తేలాలి.

గుణుపురం నుంచి ఒక తమ్ముడు రెండు ఫోటోలు పంపాడు. వంశధార పక్క పొలంలో దొరికిన రాగి బిళ్ల. మొదటి ఫోటోలో ముదురు ఆకుపచ్చ చిలుము, దాని అంచున రెండు తెలుగు అక్షరాల వంపులు. ఈస్టిండియా కంపెనీవాళ్లు మద్రాసులో 19వ శతాబ్దం మొదట్లో కొట్టించిన "డబ్బు" నాణేల మీద తెలుగు, తమిళ అక్షరాలు ఉండేవి. ఇదీ అలాంటిదే కావచ్చు. రెండో ఫోటో చింతపండు, రాళ్ల ఉప్పుతో రుద్దిన తరవాతిది. గులాబిరంగు నున్నటి బిళ్ల. అక్షరాలు లేవు.

ఎందుకు పోయాయి? రాగి మట్టిలో వందేళ్లు ఉంటే పైపొర లోహంగా మిగలదు, చిలుముగా మారిపోతుంది. అచ్చు గుద్దినప్పటి అసలు ఉపరితలం చాలాసార్లు ఆ చిలుములోనే నిలిచి ఉంటుంది. సున్నంపూత మీద బొమ్మ గీశారనుకోండి. పూత గీకితే గోడ మిగులుతుంది గాని బొమ్మ మిగలదు. కుషాణు రాజుల నాణేల్ని అనుకరించిన పూరీ-కుషాణు నాణేలు మరీ సున్నితం. గంజాం వైపు కూడా దొరికే ఈ రాగి నాణేలు పోతపోసినవి, బొమ్మ పుట్టుకతోనే మసక. దాన్ని పులుసులో ముంచితే రేకు ముక్క చేతికొస్తుంది.

"మా నాయనమ్మ రాగి బిందెని అరవై ఏళ్లుగా చింతపండుతోనే తోముతోంది కదా, దానికేం కాలేదే" అని ఇద్దరు అడిగారు. ఈ మాటకి గట్టిగా జవాబు చెప్పాలి. బిందె గట్టి లోహం. రోజూ కడుగుతారు, తుడుస్తారు, ప్రతి తోముడికీ కాస్త అరిగినా చదవాల్సిన అక్షరం దాని మీద లేదు. పాతిన నాణెం ఒళ్లంతా సన్నని రంధ్రాలు. పులుపు పైపొర తినేస్తుంది, ఉప్పు లోపలికి దిగి కూర్చుంటుంది. ఉప్పులోని క్లోరైడు రాగితో కలుస్తుంది. మన వానాకాలం తేమ, గాలి తగలగానే అందులోంచి ఆమ్లం పుడుతుంది. ఆ ఆమ్లం మళ్లీ కొత్త రాగిని తింటుంది, మళ్లీ క్లోరైడే తయారవుతుంది. తేమ ఉన్నంతకాలం ఇది తనంతట తాను ఆగదు. ఇవాళ మెరిసిన నాణెం శ్రావణానికి పుండ్లు పడుతుంది. బరంపురం దగ్గరి గోపాల్‌పూర్ వైపు సముద్రపు నేలల్లో దొరికినవాటికి మట్టి ఉప్పే చాలు, మీరు వేరే వేయక్కర్లేదు.

అందుకని రెండు పచ్చలు గుర్తుపట్టడం నేర్చుకోండి. ముదురుగా, నున్నగా, గోటికి రాకుండా అంటిపెట్టుకున్న పచ్చ నాణేనికి చర్మం. దాన్ని ముట్టుకోవద్దు. తెల్లటి లేతపచ్చ చుక్కలై, వెదురు పుల్ల తగిలితే పొడిగా రాలేది రోగం. అనుమానమైతే స్టీలు డబ్బాలో తడిదూది పెట్టి, దానికి తగలకుండా నాణెం ఉంచి ఒక రోజు మూత పెట్టండి. కొత్త పొడి పొంగితే రోగమే. దాన్ని మిగతావాటి నుంచి వేరుచేసి, తేమ పీల్చే సిలికా జెల్ సంచులతో గాలి చొరని డబ్బాలో పెట్టి, మ్యూజియంలో లోహాలు చూసేవాళ్లకి చూపించండి. ఇంట్లో వైద్యం వద్దు.

ఆరోగ్యంగా ఉన్నదానికి నేను చేసేది ఇంతే. బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెడతాను (ఆసిడ్ సీసా కాదు, చూసి కొనండి). రోజూ నీళ్లు మారుస్తాను, నాలుగో రోజు ఆపేస్తాను. మెత్తని బొమ్మల కుంచెతో వదులు మట్టి మాత్రమే తీస్తాను. నూనె పూయను. కొందరు పూస్తారు, కాని దానిలోనూ పులుపు ఉంది. పీవీసీ (మెత్తని ప్లాస్టిక్) కవర్లు ఇంట్లోకే రానివ్వను, అవి జిగటగా కారి కొత్త పచ్చని పుట్టిస్తాయి.

బంగారానికి చిలుము లేదు, నీళ్లు చాలు. ఐతే కళింగ గంగరాజుల ఫణం (చిన్న బంగారు నాణెం) దొరికితే వేలితో కూడా రుద్దకండి. దాని మీద "స" అక్షరం, రాజ్య సంవత్సరపు అంకె ఉంటాయి. అంక లెక్కలో (ఒడిశాలో రాజుల ఏలుబడి ఏళ్లు లెక్కపెట్టే పద్ధతి) 1, 6తో పాటు 6తో ముగిసేవీ, 10 తప్ప సున్నాతో ముగిసేవీ దాటేస్తారు. ఒక గీత అరిగితే రాజుగారి ఏడాదే తప్పుతుంది.

చదవడానికే రుద్దుతున్నారా? పొద్దున ఏడింటికి నాణేన్ని వసారా గట్టు మీద పెట్టి, ఏటవాలు ఎండలో తిప్పుతూ ఫోటో తీయండి. నీడలే అక్షరాలు చూపిస్తాయి. నాకు దొరికినవాటిలో సగం ఇలాగే చదివాను. కలెక్టరుకి తెలియజేయాల్సిన సంగతి మొదటి పాఠంలో చెప్పాను. 1878 నిధుల చట్టంలో హద్దు పది రూపాయలే, దొరికినదాని విలువ అది దాటితే చెప్పాల్సిందే, మరిచిపోకండి.

అభ్యాసం: కరెంటు తీగలోని రాగి మూడు ముక్కలు తీసుకోండి. ఒకటి అలాగే ఉంచండి. ఒకటి డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి ఆరబెట్టండి. ఒకటి చింతపండు, ఉప్పుతో రుద్ది కడగకుండా వదిలేయండి. మూడూ మూతలేని గిన్నెల్లో నలభై రోజులు పెట్టి, రోజూ ఒకే వేళకి చూసి రంగు ఒక పుస్తకంలో రాయండి. ఒక్కరోజు తప్పినా మొదటినుంచి. ఆ పుస్తకం చూపించినవాళ్ల నాణెమే నేను చూస్తాను.

గుణుపురం తమ్ముడూ, ఆ బిళ్ల పారేయకు. ఇవాళే నీళ్లలో వేసి, నెలరోజులు రోజూ నీళ్లు మార్చు, ఉప్పు కొంతైనా బయటికొస్తుంది. ఆరాక కంసాలి తూకంలో బరువు, స్కేలుతో అడ్డుకొలత తీసి పంపు. అక్షరాలు పోయినా ఆ రెండూ దాని మీదే ఉన్నాయి.